డిజిటల్ హెల్త్ రికార్డుకు అసలు పోటీ ప్లాస్టిక్ కవరే

మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రి ఓపీ దగ్గరైనా, నల్లగొండలో ప్రైవేటు దవాఖానలు వరుసగా ఉన్న వీధిలోనైనా పొద్దున తొమ్మిది గంటలకు నిలబడితే చాలామంది చేతుల్లో ఒకటే వస్తువు కనిపిస్తుంది. ఏదో బట్టల షాపు పేరున్న ప్లాస్టిక్ కవర్. అందులో పాత ఓపీ చిట్టీలు, రక్తపరీక్షల కాగితాలు, మూల మడత పడ్డ ఎక్స్‌రే, సగం వాడిన గోలీల షీటు, ఆధార్ జిరాక్స్ ఉంటాయి. "పాత రిపోర్టులేవి?" అని డాక్టర్ అడగ్గానే కవర్ మొత్తం టేబుల్ మీద బోర్లిస్తారు. కావాల్సిన కాగితం వాళ్లకూ తెలియదు, అందుకే ఒక్కటీ పారేయరు.

దేశమంతటికీ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులు అనగానే మాటలు సర్వర్ల మీదికి, యాప్‌ల మీదికి పోతాయి. దక్షిణ తెలంగాణలో అడగాల్సింది అంతకంటే చిన్న ప్రశ్న. కొత్తగా వచ్చేది ఈ కవర్ కన్నా బాగా పనిచేస్తుందా?

కవర్‌ను తక్కువ అంచనా వేయడానికి లేదు. కరెంటు పోయినా అది పనిచేస్తుంది. ఓటీపీ అడగదు, సర్వర్ డౌన్ అనదు. సర్కారు డాక్టరైనా, కార్పొరేట్ డాక్టరైనా, ఊళ్లో ఆర్‌ఎంపీ అయినా తెరిచి చదువుకోవచ్చు. ఎవరికి చూపాలో రోగి ఇష్టం. వద్దనుకున్న కాగితాన్ని ఇంట్లో బియ్యం డబ్బా కింద పెట్టి వస్తే అడిగేవాళ్లు లేరు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని రాసుకున్న ‘రోగి అనుమతి’ నియమాలు ఈ కవర్‌లో మొదటి నుంచీ ఉన్నాయి.

అయితే వానకు అది తడుస్తుంది. థర్మల్ కాగితం మీద తీసిన ఈసీజీ కొన్నాళ్లకే వెలిసిపోతుంది. అర్ధరాత్రి 108లో ఎక్కించినప్పుడు కవర్ ఇంట్లోనే ఉండిపోతుంది. రాసిన డాక్టర్ చేతిరాత ఇంకో డాక్టర్‌కు అర్థం కాదు. దాంతో పది రోజుల కింద చేసిన పరీక్షనే మళ్లీ చేయిస్తారు. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో హైదరాబాద్ పోయిన కూలి కుటుంబానికి ఆ రెండోసారి పరీక్ష అంటే రెండు మూడు రోజుల కూలి. డిజిటల్ రికార్డు వల్ల పేదవాడికి కలిగే మొదటి లాభం ఇక్కడే ఉంది. మిగతావన్నీ తర్వాతి సంగతి.

దేశం వేసుకున్న దారి

2017 జాతీయ ఆరోగ్య విధానంలో డిజిటల్ ఆరోగ్యానికి ప్రత్యేక సంస్థ ఉండాలనే ప్రతిపాదన వచ్చింది. 2019లో బ్లూప్రింట్ సిద్ధమైంది. 2020 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి నేషనల్ డిజిటల్ హెల్త్ మిషన్ ప్రకటించారు. ముందు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతా మొదలుపెట్టారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ అయిదేళ్లకు రూ.1,600 కోట్లు ఆమోదించింది.

ఇందులో అందరికీ తెలిసిన ముక్క ‘ఆభా’, అంటే 14 అంకెల ఆరోగ్య ఐడీ. దాని పక్కనే డాక్టర్లకు ఒక రిజిస్ట్రీ, ఆసుపత్రులకు ఒక రిజిస్ట్రీ ఉన్నాయి. అందరి రోగాల చిట్టా ఢిల్లీలో ఒకే గోదాములో పోగుపడుతుందని చాలామంది అనుకుంటారు. డిజైన్ అలా లేదు. రికార్డు ఏ ఆసుపత్రిలో పుడితే అక్కడే ఉంటుంది. ఇంకో డాక్టర్ చూడాలంటే రోగి ఫోన్‌కు అనుమతి అడుగుతూ సందేశం వస్తుంది. ఒప్పుకుంటే ఆ కాగితం వరకు అటు వెళ్తుంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకరి భాష ఒకరికి అర్థమయ్యేలా మాట్లాడుకోవడానికి హెచ్‌ఎల్7 ఫైర్ అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు.

ఈ పద్ధతి ఎంచుకోవడం మంచిదే అయింది. బ్రిటన్ 2002లో మొత్తం ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు పైనుంచి పెద్ద కాంట్రాక్టులతో కంప్యూటర్ వ్యవస్థ కట్టబోయింది. వందల కోట్ల పౌండ్లు పోశాక, 2011లో ఆ కార్యక్రమాన్ని విడగొట్టి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆసుపత్రులను అడగకుండా ఆసుపత్రుల మీద రుద్దారన్నది దాని మీద వచ్చిన ప్రధాన విమర్శ. ఇంకోవైపు ఎస్టోనియాను అందరూ ఆదర్శంగా చెబుతారు. 2008 నుంచే అక్కడ దేశమంతటికీ ఒకే ఆరోగ్య సమాచార మార్పిడి నడుస్తోంది. కానీ ఆ దేశ జనాభా దాదాపు 13 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో ఒక్క ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే 40 లక్షల పైచిలుకు మంది, ఉమ్మడి నల్లగొండలో 35 లక్షలకు దగ్గరగా ఉన్నారు. పాలమూరులో అప్పటి అక్షరాస్యత 55 శాతం. ఎస్టోనియా పాఠాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దించలేం.

ఆభా నంబర్లు 2025 నాటికి 70 కోట్లు దాటాయి. ప్రభుత్వ ప్రకటనల్లో ముందుగా కనిపించేది ఈ అంకే. ఇది ఐడీల లెక్క, వాడకం లెక్క కాదు. కొవిడ్ టీకా రోజుల్లో ఆధార్ చూపిన చాలామందికి ఐడీ వాళ్లకు తెలియకుండానే తయారైంది. రేషన్ కార్డుల సంఖ్య చూసి ఎంతమంది ఇంట్లో బియ్యం ఉడికిందో చెప్పలేం. ఐడీ కింద ఎన్ని కాగితాలు చేరాయి, వాటిని రెండో ఆసుపత్రిలో ఎవరైనా ఒక్కసారైనా తెరిచి చూశారా అన్నదే లెక్కపెట్టాల్సిన విషయం.

నల్లగొండకు ఇది మొదటిసారి కాదు

ఈ చర్చలో ఎవరూ గుర్తు చేయని సంగతి ఒకటుంది. పల్లెల్లో సబ్ సెంటర్ నడిపే ఆరోగ్య కార్యకర్తలు, అంటే ఏఎన్‌ఎంల చేతికి చిన్న కంప్యూటర్ ఇచ్చి చూసిన తొలి ప్రయోగాల్లో ఒకటి నల్లగొండ జిల్లాలోనే జరిగింది. అది 2001 ప్రాంతం. స్మార్ట్‌ఫోన్ అన్న మాటే ఇక్కడ లేని రోజులు. ప్రపంచ బ్యాంకు ‘ఇన్ఫోడెవ్’ కార్యక్రమం సాయంతో, సీఎంసీ సంస్థ సాఫ్ట్‌వేర్‌తో అరచేతిలో పట్టే పరికరాలను ఏఎన్‌ఎంలకు ఇచ్చారు. కారణం చాలా మామూలుది. సుమారు అయిదు వేల జనాభాను చూసుకునే ఏఎన్‌ఎం నెలలో పెద్ద భాగం రిజిస్టర్లు నింపడానికే పోగొట్టుకుంటోంది. ఒకే గర్భిణి పేరు నాలుగు రిజిస్టర్లలో రాయాలి, నెలాఖరున వాటిని కూడి రిపోర్టు పంపాలి. ఒకసారి నమోదు చేస్తే మిగతావన్నీ యంత్రమే తయారు చేస్తే ఆమెకు మనుషులను చూసే టైం మిగులుతుంది కదా అన్నది ఆలోచన.

ఆలోచనలో తప్పు లేదు. పాతికేళ్ల తర్వాత కూడా సమస్య అదే కావడమే బాధ. ఇప్పుడు ఏఎన్‌ఎం చేతిలో ట్యాబ్ ఉంది. అందులో బీపీ, షుగర్ పరీక్షలకు ఒక యాప్, గర్భిణులకు, పిల్లలకు ఇంకొకటి, టీకాలకు యూ-విన్, టీబీకి నిక్షయ్, జ్వరాల సమాచారానికి మరో పోర్టల్. ఒక్కోదానికి ఒక లాగిన్. ఇవన్నీ అయ్యాక రిజిస్టర్ కూడా రాయాలి, ఎందుకంటే తనిఖీకి వచ్చిన అధికారి ముందు అడిగేది రిజిస్టరే. కంప్యూటర్ వచ్చింది, పుస్తకం పోలేదు. పైగా ఇప్పుడు అందరికీ ఆభా ఐడీ చేయించమని టార్గెట్. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే.

పేద దేశాల్లో ఎలక్ట్రానిక్ రికార్డులు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే. రాసే మనిషి ఒకరు, దానివల్ల లాభపడే మనిషి ఇంకొకరు. ఏఎన్‌ఎం రాస్తే జిల్లాకు డ్యాష్‌బోర్డు వస్తుంది, రాజధానికి గ్రాఫ్ వస్తుంది. ఆమెకు వచ్చేది ‘పెండింగ్ ఎంట్రీలు’ అనే ఎర్ర అక్షరాల జాబితా. 2023 జనవరి నుంచి కేంద్రం డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీమ్ పెట్టి ఆసుపత్రులకు, ల్యాబ్‌లకు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు రూ.4 కోట్ల దాకా ప్రోత్సాహకం ఇస్తామంది. సబ్ సెంటర్‌లో ట్యాబ్ పట్టుకున్న మనిషిని కూడా దృష్టిలో పెట్టుకుని ఆ పథకం రాసి ఉంటే ఇంకా బాగుండేది.

డాక్టర్ పరిస్థితి వేరే రకం. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం భారత్‌లో ప్రాథమిక వైద్యంలో డాక్టర్ ఒక్కో రోగికి ఇచ్చే సమయం సగటున రెండు నిమిషాలే అని తేల్చింది. పీహెచ్‌సీలో సోమవారం పొద్దున వరుస చూసినవాళ్లకు ఈ లెక్క వింతగా అనిపించదు. ఆ రెండు నిమిషాల్లో లాగిన్ అయి, రోగి పేరు వెతికి, జబ్బుకు కోడ్ ఎంచి, మందులు టైప్ చేయడం ఎవరి తరం? రోగి వచ్చి "పానం మంచిగ లేదు సారూ, కాళ్లు గుంజుతున్నయి" అంటాడు. స్నోమెడ్ సీటీ అనే వైద్యపదాల కోశంలో లక్షల పదాలున్నాయి. 2014 నుంచి భారత్ అందులో సభ్యదేశం. అయినా ఆ మాటకు సరిపడే కోడ్ వెతకడం కంటే ‘జనరల్ వీక్‌నెస్’ అని కొట్టి తర్వాతి రోగిని పిలవడం తేలిక. అలా నిండిన రికార్డు ఉన్నా లేకున్నా ఒకటే.

రాసిన చోట ఎందుకు రాశారు?

మరోవైపు ఇదే ప్రాంతంలో కంప్యూటర్ రికార్డులు బ్రహ్మాండంగా నడిచిన సందర్భాలూ ఉన్నాయి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని పైలట్‌గా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. ఇంటర్నెట్ ఇంకా నడక నేర్చుకుంటున్న ఆ కాలంలోనే రోగి ఫొటో, ఎక్స్‌రే, పరీక్షల రిపోర్టులు అప్‌లోడ్ చేసి, ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుని ఆపరేషన్లు చేశారు. ఎంత చిన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా అందుకు ఒక కంప్యూటర్, ఒక ఆపరేటర్, రోగికి దారి చూపే ఆరోగ్యమిత్ర తయారయ్యారు. ఎవరూ సర్వర్ స్లో అని మానేయలేదు. అప్‌లోడ్ చేయకపోతే బిల్లు రాదు మరి.

2017లో వచ్చిన కేసీఆర్ కిట్ కూడా అంతే. ఆడపిల్ల పుడితే రూ.13 వేలు, మగపిల్లాడైతే రూ.12 వేలు విడతలవారీగా అకౌంట్‌లో పడాలంటే ఏఎన్‌ఎం ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సి ఉండేది. ఎక్కించారా లేదా అని గర్భిణులే సబ్ సెంటర్‌కు వచ్చి అడిగేవారు. టీబీ రోగులకు నిక్షయ్ పోషణ్ కింద 2018 నుంచి నెలకు రూ.500, 2024 నవంబర్ నుంచి రూ.1,000 వస్తోంది. నిక్షయ్‌లో పేరు లేకపోతే అది రాదు.

ఈ మూడింటిలో రికార్డు కోసం రికార్డు రాయలేదు. రాసిన దాని ఫలం కొద్ది రోజుల్లోనే ఎవరో ఒకరి చేతికి అందింది. అయితే దీనికీ ఒక చిక్కుంది. డబ్బు కోసం పుట్టిన రికార్డు డబ్బుకు కావాల్సినంతే చెబుతుంది. స్టెంట్ వేశారని ఆరోగ్యశ్రీ రికార్డులో ఉంటుంది. ఆ తర్వాత మనిషి రోజూ మందులు వేసుకుంటున్నాడా, ఆర్నెల్లకు బీపీ ఎంతుంది అన్నది ఉండదు. క్లెయిమ్ రికార్డు వేరు, వైద్య రికార్డు వేరు. మొదటిది పద్దెనిమిదేళ్లకు పైగా నడిచినంత మాత్రాన రెండోది తనంతట తాను రాలేదు.

ఒకేసారి ఊళ్లమీద పడి సమాచారం సేకరించడమూ ఇలాంటి భ్రమే. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసి ఈ-హెల్త్ ప్రొఫైల్ పైలట్ చేపట్టారు. 2024 అక్టోబర్‌లో కుటుంబ డిజిటల్ కార్డుల పైలట్ సర్వే వచ్చింది, ఆరోగ్య వివరాలనూ ఆ కార్డుతో కలపాలన్నది ఆలోచన. ఇలాంటి సర్వేలతో ఊళ్లో ఎంతమందికి షుగర్ ఉందో ఒక అంచనా వస్తుంది, అది విలువైనదే. కానీ ఒక రోజు చూసిన బీపీ ఆ ఒక్క రోజుదే. వచ్చేసారి, ఆపై సారి ఎవరో ఒకరు చేర్చుతూ పోకపోతే ఆ ప్రొఫైల్ పెళ్లినాటి ఫొటో లాంటిది. మనిషి అతనే, ముఖం మారిపోయి ఉంటుంది.

పేరు ఎవరిది, ఫోన్ ఎవరిది

రికార్డు సరైన మనిషికి అతుక్కోవాలి. ఊళ్లో లచ్చమ్మ అని పిలిచే మనిషి ఆధార్‌లో లక్ష్మమ్మ, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఒకచోట ఎక్స్‌తో, ఒకచోట కెఎస్‌హెచ్‌తో. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, కొన్ని కాగితాల్లో మాత్రమే మారుతుంది. పెద్దవయసు వాళ్లలో చాలామంది పుట్టినరోజు జనవరి 1. వాళ్లందరూ ఆ రోజే పుట్టారని కాదు, నమోదు చేసినప్పుడు ఏడాది మాత్రమే చెప్పగలిగారని. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ కలిపి మనిషిని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు ఒకే తండాలో ముగ్గురు లక్ష్మిలు, ముగ్గురికీ జనవరి 1 అంటే ఏం పాలుపోతుంది? ఒకరి పెన్సిలిన్ ఎలర్జీ ఇంకొకరి ఖాతాలో పడితే అది కాగితం పోవడం కంటే ప్రమాదం. ఈ ఒక్క కారణానికే 14 అంకెల ఐడీ అవసరమని ఒప్పుకోవచ్చు.

ఐడీ వచ్చాక అనుమతి మాట. అనుమతి అంటే ఓటీపీ, ఓటీపీ అంటే ఫోన్. ఇంటికి ఒకటే నంబర్ అన్నిచోట్లా ఇచ్చి ఉంటారు, అది ఎక్కువగా కొడుకుదో భర్తదో. నియమం ప్రకారం రికార్డు ఆమెది, ఆచరణలో అనుమతి ఇచ్చేది ఫోన్ పట్టుకున్నవాడు. కుటుంబ నియంత్రణకో, గర్భస్రావానికో, తెల్లబట్టకో వెళ్లిన మహిళ రికార్డు మీద మొదటి నోటిఫికేషన్ ఆమె భర్త ఫోన్‌లో మోగుతుంది. ప్లాస్టిక్ కవర్‌లో ఈ ముప్పు తక్కువ. ఆమె కావాలనుకుంటే ఆ చిట్టీని దాచుకోగలిగేది.

రహస్యం గురించి చర్చ వచ్చినప్పుడల్లా హ్యాకర్ల మాటే ముందుకొస్తుంది. ఆ భయం వట్టిది కాదు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు దేశంలోనే పెద్ద ఆసుపత్రి రెండు వారాల పాటు పెన్నూ కాగితంతో నడవాల్సి వచ్చింది. కానీ చిన్న ఊళ్లో రహస్యం బయటపడేది కోడ్ ద్వారా కాదు, నోటి ద్వారా. రికార్డు తెరిచే ఆపరేటర్ పక్క ఊరి బంధువే అయి ఉంటాడు. హెచ్‌ఐవీ రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది, వ్యక్తిగత డేటా మీద 2023 చట్టం ఉంది. ఎవరు ఏ రికార్డు ఎప్పుడు తెరిచారో రోగికి కనిపించే చిట్టా, అది కూడా తెలుగులో, ఉర్దూలో ఉంటే ఈ చట్టాలకు ఊళ్లో కాస్త బలం వస్తుంది. ఆభా తీసుకోవడం ఇష్టాన్ని బట్టేనని కేంద్రం చెబుతూనే ఉంది. కౌంటర్ దగ్గర "ఆధార్ ఇవ్వు" అన్న మాట తర్వాత "ఇష్టముంటేనే" అన్న మాట మాత్రం వినిపించాలి.

పుణె, రాయచూరు, కర్నూలు

ఇన్ని చిక్కులున్నా జాతీయ వ్యవస్థ దక్షిణ తెలంగాణకు అవసరం. కారణం ఇక్కడి జనం ఒకచోట ఉండకపోవడం. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. నారాయణపేట, మక్తల్, కోస్గి, మద్దూరు వైపు నుంచి తరాలుగా ముంబయి, పుణె పనులకు పోతున్నారు. ఇక్కడున్నవాళ్లూ జబ్బు చేస్తే జిల్లా గీత చూసుకుని పోరు. మక్తల్ వాళ్లకు రాయచూరు దగ్గర, గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర. కోదాడ నుంచి విజయవాడ బస్సెక్కేవాళ్లు ఎక్కువే. ఇల్లు తెలంగాణలో, పని మహారాష్ట్రలో, ఆపరేషన్ ఆంధ్రలో, మందులు కర్ణాటకలో. రాష్ట్రం తనకోసం తాను కట్టుకునే ఏ హెల్త్ ప్రొఫైలైనా తుంగభద్ర ఒడ్డునే ఆగిపోతుంది. 2014 తర్వాత ఆరోగ్యశ్రీ కూడా రెండు రాష్ట్రాల్లో రెండు ట్రస్టులైన సంగతి తెలిసిందే.

దీనికి కొంత జవాబు నిక్షయ్‌లో దొరుకుతుంది. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. ముంబయిలో కట్టడం పని చేస్తూ మందులు మొదలుపెట్టిన మనిషి రెండు నెలలకు ఊరికొస్తే, అతని నిక్షయ్ ఐడీని అక్కడి కేంద్రం నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేయొచ్చు. ఎన్ని డోసులు వేశాడో ఇక్కడి సిబ్బందికి తెలుస్తుంది. మధ్యలో మందులు ఆగితే టీబీ మొండిది అవుతుంది కాబట్టి ఈ ఒక్క బదిలీ ప్రాణం నిలబెట్టే పని. షుగర్‌కు, బీపీకి, ఫిట్స్‌కు కూడా ఇలాంటి బదిలీ ఉండాలి.

వలస లేని ఇంట్లోనూ ఒక వలస ఉంటుంది. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవడం. ఏడో నెల దాకా అత్తగారి ఊరి సబ్ సెంటర్‌లో చూపించుకున్న పిల్ల, శ్రీమంతం అయ్యాక ఇంకో మండలంలో, ఇంకో జిల్లాలో తేలుతుంది. అత్తగారి ఊరి ఏఎన్‌ఎం లిస్టులో ఆమె ‘తప్పిపోయిన కేసు’. తల్లిగారి ఊళ్లో ‘ఆలస్యంగా వచ్చిన కేసు’. నిజానికి ఆమె ఎక్కడా తప్పిపోలేదు. ఆమె ఆచారం సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, అంతే. దీనికి తోడు 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన. ఉమ్మడి పాలమూరు ఊళ్లు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలోకి, కొన్ని రంగారెడ్డి, వికారాబాద్‌లలోకి పోయాయి. 2019లో నారాయణపేట ఇంకో జిల్లా అయింది. పీహెచ్‌సీ గోడ కదల్లేదు, దాని జిల్లా మాత్రం మారిన చోట్లున్నాయి. పదేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలంటే ఆసుపత్రుల రిజిస్ట్రీలో మారని నంబర్ ఒకటి ఉండాలి. ఇది ఎవరికీ పట్టని చిన్న పని. అయినా పునాది అదే.

ఫారంలో లేని బోరుబావి

నల్లగొండ విషయంలో ఇంకో ప్రత్యేకత. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరోసిస్ ఎన్ని తరాలను వంచిందో చెప్పనక్కర్లేదు. ఈ జబ్బు మనిషిలో ఎంతుందో, తాగిన నీళ్లలోనూ అంతే ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. పళ్ల మీద మచ్చలు పడేది చిన్నతనంలో పళ్లు తయారయ్యే వయసులో. ఎముకలు పట్టేసేది ఏళ్ల తరబడి తాగాక. అంటే నలభై ఏళ్ల మనిషి నడుము నొప్పి అర్థం కావాలంటే అతను పదేళ్లప్పుడు ఏ ఊళ్లో, ఏ బోరు నీళ్లు తాగాడో తెలియాలి. జాతీయ ఫారంలో ఫ్లోరోసిస్‌కు కోడ్ ఉంటుంది, బోరుబావికి గడి ఉండదు. నీటి పరీక్షల సమాచారం ఇంకో శాఖ దగ్గర, ఇంకో పోర్టల్‌లో ఉంటుంది. ఊరి కోడ్ ఆధారంగా ఆ రెంటినీ కలిపితే, మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు ఎలా ఉన్నాయో ఊరూరికీ చూడొచ్చు. దేశంలో ఏ ఇతర డేటాబేస్ చెప్పలేని సంగతి అది.

నల్లగొండ పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కింది కూడా నీటి వల్లే. 1970లలో నాగ్‌పూర్‌లోని ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పద్ధతి గొప్పతనం అన్నీ దగ్గరి దుకాణంలో దొరకడం. దాని బలహీనత రోజూ కొలిచి, కలిపి, అడుగున చేరిన బురద తీసే మనిషి కావాలి. ట్యాబ్‌లకూ ఇదే వర్తిస్తుంది. కొనేటప్పుడు బడ్జెట్ ఉంటుంది. బ్యాటరీ ఉబ్బినప్పుడు, ఆపరేటర్ కాంట్రాక్టు ముగిసినప్పుడు ఉండదు. నల్లమల లోపలి చెంచు గూడేల్లో, అంటే పెంటల్లో, చాలాచోట్ల సిగ్నలే అందదు. అక్కడ పనిచేయాలంటే యాప్ ముందుగా సిగ్నల్ లేకుండా నడవడం నేర్చుకుని, మన్ననూరు దగ్గర టవర్ దొరికాక మిగతాది పంపుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

జ్వరం వస్తే పల్లెలో మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి, లేదంటే మెడికల్ షాపుకు. ఈ ఇద్దరూ జాతీయ రిజిస్ట్రీలో డాక్టర్లుగా ఉండరు, ఉండకూడదు కూడా. కాబట్టి ఊళ్లో పడ్డ మొదటి సూదిమందు ఏ రికార్డులోకీ రాదు. పట్నంలోని ప్రైవేటు క్లినిక్ డాక్టర్‌కు రికార్డు పంచుకుంటే తన పేషెంట్ ఇంకో చోటికి పోతాడేమోనన్న అనుమానం, లెక్కలు బయటపడతాయేమోనన్న టెన్షన్ రెండూ ఉంటాయి. వీటిని ఒక్క సర్క్యులర్‌తో పోగొట్టలేం. అందుకే డాక్టర్ టైప్ చేసే నోట్సు దగ్గర మొదలుపెట్టడం కంటే, ఎవరూ అదనంగా టైప్ చేయనక్కర్లేని కాగితాల దగ్గర మొదలుపెట్టడం మేలు. ల్యాబ్ రిపోర్టు యంత్రం నుంచే వస్తుంది. డిశ్చార్జి సమ్మరీని ఎలాగూ టైప్ చేస్తారు. మందుల కౌంటర్‌లో ఇచ్చిన గోలీల లెక్క స్టాకు కోసం ఎలాగూ రాస్తారు. కవర్‌లోంచి డాక్టర్ ముందు వెతికేవి కూడా దాదాపు ఈ మూడే.

ఇందులో ల్యాబ్ సగం పని ఇప్పటికే జరిగింది. 2021 జూన్‌లో మహబూబ్‌నగర్, నల్లగొండ, గద్వాల సహా 19 జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు తెరిచి 57 రకాల పరీక్షలు ఉచితంగా పెట్టారు. పీహెచ్‌సీలో రక్తం తీస్తారు, సీసా జిల్లా కేంద్రానికి పోతుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. ఆ రిపోర్టు ఆభా కింద నిలిస్తే రాయచూరు డాక్టర్ మళ్లీ రక్తం తీయించనక్కర్లేదు. రోగి ఇచ్చిన నంబర్ పుణెలో మేస్త్రీ కింద పనిచేసే కొడుకుదైతే, లింకు తెరుచుకునేది అక్కడ. అతను సాయంత్రం ఫోన్ చేసి షుగర్ అంకె చదివి చెబుతాడు, ఆశ వర్కర్ దాన్ని తల్లి చిట్టీ వెనకాల పెన్నుతో రాసి కవర్‌లో పెడుతుంది.